మానేసిన రోజుకు మర్నాడు

చిరంజీవికి, పెదనాన్న ఆశీర్వదించి వ్రాయునది.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. తెల్లవారుజామున లేవడం, వ్యాయామం చేయడం, రోజుకు 30 పేజీలు చదవడం, కొత్త భాష నేర్చుకోవడం, కోపం తగ్గించుకోవడం, ఫోన్ పక్కన పెట్టడం, పడుకునే ముందు డైరీ రాయడం అంటూ ఏడు నిర్ణయాలు ఒకేసారి తీసుకున్నావనీ, నెల తిరగకుండానే అన్నీ జారిపోయాయనీ, ఈ ఏడాది ఇలా జరగడం ఇది మూడోసారనీ రాశావు. అంతవరకు నాకు ఆశ్చర్యం కలగలేదు. చివర "నాలో పట్టుదల లేదని తేలిపోయింది పెదనాన్నా" అని నీ మీద నీవే తీర్పు రాసుకున్నావు చూడు, దానిని మాత్రం నేను ఒప్పుకోలేను.

ఏ పనైనా 21 రోజులు చేస్తే అలవాటైపోతుందని నీవు ఎక్కడో విని, ఆ గడువు దగ్గరపడినా లేవడం భారంగానే ఉండేసరికి లోపం నీలోనే ఉందనుకున్నావు. ఆ అంకె పుట్టుక వేరు. మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికన్ ప్లాస్టిక్ సర్జన్, శస్త్రచికిత్స తరువాత రోగులు అద్దంలో కనిపించే తమ కొత్త ముఖానికి అలవాటు పడటానికి కనీసం 21 రోజులు పడుతోందని గమనించి, 1960లో వెలువడిన తన పుస్తకంలో రాశారు. మాట చేతులు మారేకొద్దీ అందులోని 'కనీసం' రాలిపోయి అంకె ఒక్కటే మిగిలింది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 96 మందిని 12 వారాల పాటు పరిశీలించి 2010లో ప్రచురించిన వ్యాసంలో, ఒక పని ఆలోచించకుండానే జరిగిపోయే స్థితికి చేరడానికి మనిషిని బట్టి 18 నుంచి 254 రోజులు పట్టవచ్చని అంచనా కట్టారు. మధ్యస్థంగా 66 రోజులు. వాళ్లు ఎంచుకున్నది కూడా తలకొక చిన్న పని మాత్రమే, నీలాగా ఏడు కాదు. మధ్యలో ఒక రోజు తప్పినంత మాత్రాన అలవాటు కుదిరే క్రమం చెప్పుకోదగ్గంతగా దెబ్బతినలేదని కూడా ఆ పరిశీలనలోనే తేలింది.

ఈ చివరి మాట దగ్గర కాసేపు ఆగు. 12వ రోజున జ్వరం వచ్చి వ్యాయామం మానేశానని రాశావు. 13వ రోజున జ్వరం లేదు, కానీ "ఎలాగూ వరుస తెగింది కదా" అనుకున్నావు. జ్వరం నీ దగ్గర ఒక్క రోజునే తీసుకుంది. మిగిలిన రోజులన్నిటినీ ఆ 'ఎలాగూ' తీసుకుపోయింది.

నాకు 42 ఏళ్ల వయసులో నేనూ ఒక కొత్త నోట్‌బుక్ కొని 11 నిర్ణయాలు రాసుకున్నాను. (నీకన్నా నాలుగు ఎక్కువే, ఆశకు వయసుతో పనిలేదు.) వాటిలో పది ఏమిటో ఇప్పుడు గుర్తు కూడా లేదు. మిగిలిన ఒక్కటి కోపం. 'ఇకపై కోప్పడను' అన్న నిర్ణయం నిలవకపోవడంలో వింత లేదు, ఎందుకంటే కోప్పడకపోవడం అనేది చేయడానికి వీలైన పనే కాదు, దానికొక వేళ లేదు, చోటు లేదు. ఫలానా సందర్భం ఎదురైతే ఫలానా పని చేస్తానని ముందుగానే ముడివేసుకున్నవారు, ఊరికే 'చేయాలి' అనుకున్నవారికన్నా ఎక్కువగా నెరవేర్చుకుంటారని పీటర్ గోల్విట్జర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1999లో వివరించారు. నేను అది చదవకముందే, తడుముకుంటూ తడుముకుంటూ అలాంటి నియమం ఒకటి పెట్టుకున్నాను: ఎవరైనా నా మాటకు అడ్డు వస్తే చేతిలో ఉన్న వస్తువును కింద పెట్టాకే బదులు చెప్పాలి. పెన్నో, కళ్లద్దాలో, పత్రికో, ఏదైనా సరే. మీ పెద్దమ్మ మొదట్లో నవ్వేది. ఆ రెండు క్షణాల్లో నోటిదాకా వచ్చిన మాటల్లో సగం వెనక్కి పోయేవి.

అయినా చాలాసార్లు తప్పాను. ఒకసారి తప్పితే ఆ సిగ్గుతో వారాల తరబడి నియమం జోలికే వెళ్లేవాణ్ణి కాదు. అప్పుడు నోట్‌బుక్‌లో లెక్క మార్చాను. వరుసగా ఎన్ని రోజులు నిలిచానో రాయడం మాని, తప్పిన తరువాత ఎన్ని రోజులకు మళ్లీ మొదలుపెట్టానో రాయసాగాను. మొదటి అంకె 34. తరువాత 20, ఆపైన 23, అటుపైన 9. మూడేళ్లు గడిచేసరికి ఎక్కువగా 1, 2 కనిపించేవి. కోపం పోయిందని చెప్పను, చెప్పినా మీ పెద్దమ్మ ఒప్పుకోదు. తిరిగి రావడానికి పట్టే కాలం మాత్రం తగ్గింది.

అమెరికా రాజనీతిజ్ఞుడు, శాస్త్రవేత్త బెంజమిన్ ఫ్రాంక్లిన్ యౌవనంలో 13 సద్గుణాలు రాసుకుని, వారానికి ఒక్కదాని మీదనే దృష్టి నిలుపుతూ, తప్పు జరిగిన ప్రతిసారీ చిన్న పుస్తకంలో నల్లచుక్క పెట్టుకునేవారు. కొత్త ఆవృత్తి మొదలుపెట్టడానికి పాత చుక్కలను గీకి గీకి కాగితం చిల్లులు పడటంతో, తడి స్పాంజితో తుడిస్తే పోయే దంతపు రేకుల పుస్తకానికి మారారు. వస్తువులనూ పనులనూ క్రమంగా ఉంచుకోవడం తనకు అన్నిటికన్నా కష్టమైందనీ, కోరుకున్న పరిపూర్ణతకు ఏనాడూ చేరలేదనీ, అయినా ఆ ప్రయత్నం వల్లనే మెరుగైన, సంతోషవంతుడైన మనిషినయ్యాననీ 79వ ఏట స్వీయచరిత్రలో రాసుకున్నారు. ఆయన ఘనకార్యాలన్నిటికన్నా ఆ చిల్లుల కాగితమే నాకు దగ్గరగా అనిపిస్తుంది.

ఇక నీ జాబితా సంగతి. తెల్లవారుజామున లేవాలన్నది నీ కోరికేనా, లేక లేచేవారిని చూసి తెచ్చుకున్నదా? రాత్రి పొద్దుపోయేదాకా పని చేసే నీకు ఆ వేళ నిద్ర అవసరం. దానిని కొట్టేయమనే నా సలహా. కొత్త భాష వచ్చే ఏడాదికి వాయిదా వేయవచ్చు. నన్ను కలవరపెట్టింది వేరొకటి: ఆ ఏడింటిలో కోపం మినహా మరొక మనిషితో సంబంధమున్న నిర్ణయం లేదు. హార్వర్డ్ విశ్వవిద్యాలయంలో 1938లో మొదలై నేటికీ సాగుతున్న అధ్యయనం, వృద్ధాప్యంలో ఆరోగ్యంగా, సంతోషంగా ఉన్నవారి వెనుక ఆప్యాయమైన అనుబంధాలు ఉన్నాయని పదేపదే చెబుతోంది. ఏడాదిగా మాట్లాడని ఆ స్నేహితుడి ప్రస్తావన నీ ఉత్తరంలో రెండుసార్లు వచ్చింది. జాబితాలో ఒక్కసారి కూడా రాలేదు.

కనుక ఒక్కటి ఎంచుకో. రోజూ నీవు తప్పకుండా చేసే ఏ పని ముగిసిన వెంటనే దానిని చేస్తావో ఒక్క వాక్యంలో రాసి నాకు పంపు. చాలా అలసిన రోజున కూడా చేయగలిగినంత చిన్నదిగా ఉండాలి. 66 అన్న అంకెను కూడా గడువుగా పెట్టుకోవద్దు. నెల తరువాత ఎన్ని రోజులు నిలిచావని నేను అడగను. ఎన్నిసార్లు తప్పావో, ప్రతిసారీ ఎన్నాళ్లకు మళ్లీ మొదలుపెట్టావో ఆ అంకెలు రాయి. నా పాత నోట్‌బుక్‌లో 34 ఉన్న పేజీకి పక్క పేజీ ఖాళీగానే ఉంది, వాటిని అక్కడ రాసుకుంటాను.

ఆశీస్సులతో,
మీ పెదనాన్న