ఆరో తరగతి పిల్లాడికి వాతావరణం, విపత్తులు, కొండలు, నదుల ఇంగ్లీషు పదాలు గుర్తుండాలంటే ఏం చేయాలి?

ముందు ఆ గోడచార్టు తీసేయండి. మీ అబ్బాయి పరీక్ష కోసం పదాలన్నీ బట్టీ పట్టి, వారం తిరిగేసరికి మర్చిపోతున్నాడని రాశారు. మర్చిపోడా మరి! ఆ చార్టుల నిండా బ్లిజార్డ్, స్లీట్, అవలాంచ్ లాంటి మంచు ప్రాంతాల మాటలే. విశాఖలో పెరిగే పిల్లాడు వాటిని చూసిందెక్కడ, ఇంట్లో వాటి గురించి మాట్లాడేదెవరు? వాతావరణ శాఖ బులెటిన్ వాడి చేతికివ్వండి, అదీ ఇంగ్లీషులోదే. అంతకు మించిన పాఠ్యపుస్తకం లేదు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు మేం విశాఖలోనే ఉన్నాం. పాత అపార్ట్‌మెంటులో కింది వాటా. తెల్లవారకముందే కరెంటు పోయింది. తలుపు సందుల్లోంచి నీళ్లు చిమ్ముతుంటే మా ఆయన మంచం అడ్డంపెట్టి, దానికి భుజం ఆనించి నిలబడ్డారు. మధ్యాహ్నం కావస్తుండగా గాలి ఉన్నట్టుండి పడిపోయింది. వాన కూడా సన్నబడింది. గండం గడిచిందని జనమంతా బయటికొచ్చారు. ఎదురింటివాళ్లు కొమ్మల కింద ఇరుక్కున్న స్కూటరు లాగుతున్నారు. మావాడు చెప్పులేసుకుని గుమ్మం దాటాడు.

పై వాటాలో ఓడల్లో పనిచేసి రిటైరైన మావయ్యగారు ఉండేవారు. మెట్ల మీంచే పెద్ద కేకేశారు. "అమ్మాయ్, పిల్లాణ్ని లోపలికి లాగు! తుపాను పోలేదు. దాని ఐ, అంటే కన్ను, మన నెత్తిన ఉంది. ఇంకో సగం వెనకాల వస్తోంది." ఎదురింటివాళ్లని కూడా తిట్టి లోపలికి పంపారు. కిందికొచ్చి, తడి గచ్చు మీద వేలితో గుండ్రంగా గీసి మావాడికి చూపించారు. ఈ మధ్యది ఐ, ఇక్కడ గాలి ఉండదు. చుట్టూ ఉన్నది ఐ వాల్, గాలి జోరంతా ఇక్కడే. ఇందాక అటునుంచి కొట్టింది, ఇప్పుడు ఇటునుంచి కొడుతుంది చూడు అన్నారు. కాసేపటికి అలాగే కొట్టింది. పొద్దుట్నుంచీ ఒకవైపు వంగి నిలబడ్డ మా వాకిట్లో బాదం చెట్టు, రెండో వైపుకి విరుచుకుపడింది.

మావాడిప్పుడు ఇంజినీరింగ్ చదువుతున్నాడు. ఐ వాల్ అంటే ఏంటో ఈనాటికీ నిద్రలో లేపి అడిగినా చెబుతాడు.

అప్పట్నుంచి నా ట్యూషన్ పిల్లలందరికీ బులెటినే పాఠం. అందులో ప్రతి మాటకీ ఒక కొలత ఉంటుంది, అదే దాని గొప్పతనం. గాలి గంటకు 31 కిలోమీటర్లు అందుకుంటే డిప్రెషన్, అంటే వాయుగుండం, 50కి డీప్ డిప్రెషన్, 62కి సైక్లోనిక్ స్టార్మ్. తుపానుకి పేరు పెట్టేది ఆ మెట్టు మీదే. 90కి దగ్గరపడితే సివియర్, 118కి వెరీ సివియర్, ఆ పైన ఎక్స్‌ట్రీమ్లీ సివియర్, ఆఖరున సూపర్ సైక్లోన్. వానకీ అంతే. ఒక రోజులో 64.5 మిల్లీమీటర్లు పడితేనే హెవీ, 115.5 దాటితే వెరీ హెవీ, 204.4 కూడా దాటితే ఎక్స్‌ట్రీమ్లీ హెవీ. పిల్లలు క్రికెట్ స్కోర్లలా పట్టేస్తారు. సముద్రానికి రఫ్, వెరీ రఫ్, హై అని వరస ఉంటుంది, అన్నిటికన్నా పైది ఫినామినల్. 14 మీటర్లకు మించి అలలు లేస్తేనే ఆ మాట వాడతారని చెబితే పిల్లల కళ్లు ఇంతింతవుతాయి.

ఇంత చక్కటి వరసని టీవీ ఛానళ్లు నాశనం చేస్తున్నాయి. అల్పపీడనం ఏర్పడగానే తెరంతా ఎర్రబారిపోతుంది, సైరన్ మోగుతుంది, రిపోర్టరు మోకాలి లోతు నీళ్లలో నిలబడి అరుస్తాడు. వాతావరణ శాఖ హెచ్చరికలకి రంగులున్నాయి. ఎల్లో అంటే గమనిస్తూ ఉండమని, ఆరెంజ్ అంటే సిద్ధంగా ఉండమని, రెడ్ అంటే కదలమని. అన్నిటికీ ఒకే గొంతు చించుకుంటే నిజంగా కదలాల్సిన రోజున ఎవరు కదులుతారు?

విపత్తుల్లో మొదట నేర్పాల్సిన మాట స్టార్మ్ సర్జ్, మన ఉప్పెన. 1977 నవంబరు 19న దివిసీమలో వేలమంది ప్రాణాలు తీసింది ప్రధానంగా అదే. బులెటిన్‌లో అది ఆస్ట్రనామికల్ టైడ్ మీద ఇన్ని మీటర్లు అని ఉంటుంది. అంటే మామూలు పోటు ఎంత ఎత్తుకొస్తుందో, దాని మీద అదనం అన్నమాట. ఈ ఒక్క వాక్యం అర్థమైతే టైడ్, సర్జ్, ముంపు అనే ఇనండేషన్, పల్లపు ప్రాంతం అనే లో లైయింగ్ ఏరియా నాలుగూ కలిసే వచ్చేస్తాయి. మా పిల్లల చేత ఒక్కో పదమూ విడిగా రాయించను, వాక్యమే చదివిస్తాను.

ఇక కొండలూ నదులూ అంటారా, భీమిలి బస్సెక్కండి, కుడివైపు కిటికీ దగ్గర కూర్చోబెట్టండి. ఎక్కేముందు ఆర్‌కే బీచ్‌లో నిలబడి డాల్ఫిన్స్ నోస్ చూపించండి, సముద్రంలోకి పొడుచుకొచ్చిన ఆ కొండ హెడ్‌ల్యాండ్. భీమిలి దగ్గరపడుతుంటే ఎర్రమట్టి దిబ్బలు. దిగి నడిపించండి. ఎర్రబారిన ఇసుక డ్యూన్లని వాన నీళ్లు కోసుకుంటూ పోతే ఏర్పడ్డ లోతైన కోతలు అవి, ఇంగ్లీషులో గల్లీలంటారు, లోపలికి దిగితే రెండు పక్కలా గోడలు మనిషిని మింగేస్తాయి. ఇంకాస్త ముందుకెళ్తే గోస్తని నది సముద్రంలో కలిసే చోటు, అదీ ఎస్చురీ. నీళ్లు నోట్లో వేసుకుని ఉప్పదనం చూడనివ్వండి. ఇంకో సెలవు రోజున అరకు రైల్లో బొర్రా గుహలకి తీసుకెళ్తే అక్కడ పైనుంచి వేలాడేవి స్టాలక్టైట్లు, కింద నుంచి లేచేవి స్టాలగ్మైట్లు. ఆ గుహల దగ్గర పారేదీ భీమిలిలో చూసిన గోస్తనే అని చెప్పండి, మావాడు నమ్మలేదు, మ్యాపు తీసి వేలు పెట్టి చూపించాల్సొచ్చింది.

పరీక్షలో గ్లేసియర్, అవలాంచ్ అడుగుతారు కదా అంటారేమో. అడిగితే ఆ నాలుగు ముక్కలూ ముందురోజు రాత్రి చదువుకుంటాడు. 2021 ఫిబ్రవరిలో చమోలీలో మంచూ రాళ్లూ కలిసి విరిగిపడి వరద ముంచెత్తింది, ఉత్తరాఖండ్ పిల్లలకి మాత్రం ఆ మాటలే ముందు రావాలి.

మొదలుపెట్టడానికి తుపాన్లొచ్చే అక్టోబరు దాకా ఆగక్కర్లేదు. విశాఖలో తుపాను హెచ్చరికల కేంద్రం ఉంది, అమరావతి వాతావరణ కేంద్రం బులెటిన్లు రోజూ వస్తూనే ఉంటాయి. వేసవిలో హీట్ వేవ్‌తో మొదలుపెట్టండి. కోస్తాలో ఎండ 37 డిగ్రీలు దాటి, మామూలు కంటే కనీసం 4.5 డిగ్రీలు ఎక్కువుంటేనే ఆ మాట వాడతారు. రోజూ పేపర్లో మీ ఊరి ఎండ చూసి, ఇవాళ హీట్ వేవ్ అవునో కాదో మీవాడినే తేల్చమనండి.