ఆయన రిజైన్ చెయ్యకపోవడానికి జబ్బు అక్కర్లేదు

తమ్ముడూ,

నీ కథ రాత్రి ఒకసారి, పొద్దున్నే ఇంకోసారి చదివాను. రెండోసారి కోపం ఎక్కువైంది, అందుకే ఇంత తొందరగా జవాబు రాస్తున్నాను.

కందుకూరు వేలం కేంద్రంలో నో బిడ్ అయిన, అంటే కొనేవాళ్లెవరూ పాట పాడని, పొగాకు బేలుకి ఆనుకుని ఆ పెద్దాయన ఫోన్ తీసి చదరంగంలో తన ఎత్తు ఆలోచించుకుంటాడే, ఆ పేరా బాగుంది. దాన్ని ముట్టుకోకు.

నా తగువంతా తర్వాత వచ్చేదాంతోనే. ఎత్తుకి మూడు రోజుల గడువున్న ఆన్‌లైన్ ఆట. పెద్దాయనకి రాజు ఒక్కటే మిగిలింది, అయినా రిజైన్ చెయ్యడు, అంటే ఓటమి ఒప్పుకుని ఆట వదలడు. ఒంగోలు కుర్రాడికి ఒళ్లు మండి 'మర్యాద తెలిసినవాళ్లు ఈపాటికి వదిలేసేవాళ్లు' అని చాట్‌లో పెడతాడు. అవతల నుంచి ఉలుకూ పలుకూ లేదు. పెద్దాయన గడువు దాటిపోయి కుర్రాడు గెలుస్తాడు. ఆఖరి పేరాలో తెలిసేదేమిటంటే ఆయనకి కేన్సర్, ఆస్పత్రి మంచం మీద నుంచి ఆడుతున్నాడు. కుర్రాడు ఏడుస్తాడు, కథ అయిపోతుంది.

ఓడిపోయే ఆటని చివరిదాకా ఆడడానికి మనిషికి కేన్సర్ రావాలా? శుభ్రంగా అన్నం తిని, అరుగు మీద కూర్చుని, ఏ జబ్బూ లేకుండా ఆడకూడదా? కుర్రాడి చేత ఆయన్ని క్షమింపజెయ్యడానికి నువ్వు ఆ రోగం తెచ్చిపెట్టావు. ఆయన తప్పే చెయ్యలేదు కదా, క్షమాపణ దేనికి? మేట్ అయ్యేదాకా, అంటే రాజు తప్పించుకోలేకుండా చిక్కేదాకా, ఆడే హక్కు ఆట నియమాలే ఇచ్చాయి. రిజైన్ చెయ్యడం ఆటగాడి ఇష్టం. దాన్ని అవతలివాడు అడిగి తీసుకునే బాకీలా రాశావు నువ్వు.

పైగా నువ్వు రాసిన స్థానం బోర్డు మీద పెట్టి చూసుకున్నావా? నేను పెట్టాను. కుర్రాడివి తెల్ల పావులు, రాజు ఎఫ్5లో, బంటు హెచ్5లో, తెల్ల గడుల్లో తిరిగే బిషప్ ఒకటి. పెద్దాయన రాజు జి7లో. ఆ బంటు మంత్రి కావాలంటే చేరాల్సిన హెచ్8 నల్ల గడి. ఆ బిషప్ జన్మలో ఆ గడిని కొట్టలేదు. నల్ల రాజు ఆ మూలకి చేరి అక్కడే తచ్చాడుతుంటే తెలుపు గెలవడం అసాధ్యం, కదలకుండా బిగిస్తే స్టేల్‌మేట్, అంటే చెక్ లేకుండానే ఆడడానికి ఎత్తు లేక ఆట డ్రా. చదరంగం నేర్పే పుస్తకాల్లో ఇది తొలి పాఠాల్లోనే ఉంటుంది. అంటే మర్యాద లేదని తిట్లు తిన్న పెద్దాయన అసలు ఓడిపోనే లేదు! ఇది తెలియని కుర్రాడు రిజైన్ చెయ్యమంటున్నాడు, కథకుడివైన నువ్వూ వాడి పక్షమే.

దీని గురించి నాకు గట్టి పట్టుంది, చాలా ఏళ్లుగా ఉంది. గెలిచే స్థానంలో ఉన్నవాడు గెలిచి చూపించాలి. 1902లో మాంటెకార్లోలో గెయోర్గ్ మార్కో అనే మాస్టరు, కట్టుపడిన (కదిలితే వెనకున్న పావు పోతుందనిపించే) తన బిషప్ ఎలాగూ పోతుందని పోపీల్ అనే ఆటగాడి మీద ఆట వదిలేశాడు. అదే బిషప్‌ని జి1 గడికి జరిపి ఉంటే ఒక పక్క మేట్ బెదిరింపు, ఇంకో పక్క ఎదుటివాడి మంత్రి మీద దాడి, గెలుపు మార్కోదే. అంతటి మాస్టర్‌కే అలా అయితే మన ఒంగోలు కుర్రాడి మాట నమ్మి పెద్దాయన ఎందుకు వదిలెయ్యాలి?

పోస్టు కార్డుల మీద ఎత్తులు రాసి పంపుకుంటూ ఆడే రోజుల్లో త్వరగా రిజైన్ చెయ్యడంలో ఒక న్యాయం ఉండేది. ప్రతి ఎత్తుకీ డబ్బు, తపాలా, వారం పది రోజుల ఎదురుచూపు. నేను నెల్లూరులో ఒక ప్రెస్‌లో ప్రూఫులు దిద్దేవాడిని. పదిహేను పైసల కార్డు కోసం సాయంత్రం టీ మానేసిన రోజులున్నాయి, ఎందుకంటే అదే జేబులోంచి పత్రికలకి పంపే కథల ఖర్చు కూడా, కథ తిరిగి రావడానికి మన స్టాంపులే అంటించిన కవరుతో సహా. అలాంటి రోజుల్లో గూడూరులో ఉండే ఒక పెద్దమనిషి ఏనుగుల ఎండింగ్‌లో రెండు బంట్లు తక్కువైనా నెలల తరబడి కార్డులు రాస్తూనే ఉన్నాడు. ఏనుగు, ఒక బంటుతో గెలిచే లుసెనా స్థానం గురించి అప్పటికి నేను చదివి ఉన్నాను, అంతే. ఏనుగుని నాలుగో వరసకి తెచ్చి, చెక్‌లకి అడ్డంగా వంతెన కట్టి బంటుని మంత్రిని చెయ్యడం ఎలాగో నా చేతికి వచ్చింది ఆయన వదలకుండా ఆడబట్టే. మేట్ అయ్యాక వచ్చిన కార్డు మీద ఇంకో ఆటకి మొదటి ఎత్తు రాసి ఉంది, ఇంకేమీ లేదు.

ఇప్పుడు ఎత్తుకి ఖర్చేముంది? కండిషనల్ మూవ్స్ పెట్టుకునే వీలుంది, నువ్వు ఇది ఆడితే నేను ఇది ఆడతానని ముందే వరస ఇచ్చేస్తే అవతలివాడి రోజులు వృథా కావు. చివరిదాకా ఆడదలుచుకున్నవాడు చెయ్యగల పెద్ద మర్యాద ఇదే. మర్యాద తప్పేవాళ్లు వేరే ఉన్నారు. నిన్నటిదాకా రోజుకి రెండు ఎత్తులు ఆడినవాడు, మంత్రి పోయిన మరుక్షణం నుంచి ప్రతి ఎత్తుకీ గడువు అంచుదాకా లాగుతాడు, ఆడడానికి ఒకే ఒక్క ఎత్తు ఉన్నా సరే. లేకపోతే సెలవు పెట్టి మాయమవుతాడు, ప్రతి ఎత్తుకీ డ్రా అడుగుతాడు. ఇలా దూరం నుంచి రోజుల తరబడి ఆడే కరెస్పాండెన్స్ ఆటగాళ్లు దీనికి డెడ్ మ్యాన్స్ డిఫెన్స్ అని పేరు కూడా పెట్టారు. అలాంటివాణ్ణి నువ్వు ఎంత తిట్టినా నేను నీ పక్కనే. గెలిచేవాడికీ పద్ధతులున్నాయి: చాట్‌లో రిజైన్ చెయ్యమని అడగకూడదు, మేట్ చెయ్యగలిగి కూడా సరదాకి మంత్రి మీద మంత్రిని పుట్టించి ఆడించకూడదు.

నువ్వు చేసిందేమిటో చూడు. పెద్దాయన ఆడుతూ ఉండగా ఆయన గడియారాన్ని నువ్వే దాటించేశావు. కథ ముగించే దారి దొరక్క మనిషిని మంచం ఎక్కించావు.

ఇది నీ ఒక్కడి జబ్బు కాదని నాకు తెలుసు. కొసమెరుపు, కొసమెరుపు అని పోటీల వాళ్లు రెండు తరాలని పాడుచేశారు. నా కథ ఒకటి ఒక సంపాదకుడు తిప్పి పంపుతూ 'ముసలాయన చివర్లో పోతే గుండెకి తగులుతుంది, మార్చి పంపండి' అని రాశాడు. నేను మార్చలేదు. ఆ కథ అచ్చుకి చాలా ఏళ్లు పట్టింది, ఆ ముసలాయన ఇప్పటికీ అందులో బతికే ఉన్నాడు. ఆ ఉత్తరం తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆయన ఎందుకు వదలడో రెండో పేజీలో నువ్వే రాశావు, చూసుకో. నో బిడ్ అయిన బేలుని ఇంటికి తోలుకుపోయి, విప్పి, ఆకు మళ్లీ గ్రేడు చేసి, ఇంకో రోజు అదే వేలానికి తెచ్చే రైతు ఆయన. కొనేవాడు తల అడ్డంగా ఊపినంత మాత్రాన తన ఆకు పనికిరాదని ఒప్పుకోని మనిషి, ఒక కుర్రాడు చాట్‌లో అన్నాడని రాజుని పడుకోబెడతాడా? ఇంత మంచి కారణం చేతిలో పెట్టుకుని ఆస్పత్రికి ఎందుకు వెళ్లావు తమ్ముడూ?

కలం పేరు సంగతీ, ఏ పత్రికకి పంపాలన్న సంగతీ ఇప్పుడు వద్దు. చాట్‌లో ఆ మాట పడిన దగ్గర నుంచి తిరగరాయి. కేన్సర్ తీసెయ్యి. బోర్డు ముందు పెట్టుకుని ఒక్కో ఎత్తూ ఆడుతూ రాయి. పెద్దాయన రాజు హెచ్8కి వెళ్లనీ, జి7కి రానీ, మళ్లీ వెళ్లనీ. కుర్రాడికి మొదట విసుగు, తర్వాత అనుమానం, ఆ తర్వాత భయం రావాలి. స్టేల్‌మేట్ అని తెరమీద పడ్డాక వాడు చాట్‌లో ఏం రాస్తాడో, అసలు రాస్తాడో లేదో నువ్వే తేల్చుకో. పదకొండు పేజీలు ఇరవై అయినా ఫర్వాలేదు, నాకే పంపు.

ఉంటాను,
మీ అన్నయ్య
నెల్లూరు