నల్ల తెర మీద మాటలు ప్రింట్ చేస్తే ఉద్యోగం వస్తుందా?

ప్రశ్న: మా అబ్బాయి బీటెక్ సీఎస్‌ఈ రెండో సంవత్సరం. సెలవులకు ఇంటికొచ్చి కూడా లినక్స్‌లో నల్ల తెర ముందు కూర్చుని 'ఎకో' అని కొట్టి ఏవో మాటలు ప్రింట్ చేసుకుంటున్నాడు. పక్కింటి అబ్బాయి అమీర్‌పేటలో ఏఐ కోర్సులో చేరాడు. మావాణ్ని అందులో చేర్చాలా, డెవాప్స్‌లో చేర్చాలా?
– ఒక తండ్రి, ఖమ్మం

జవాబు: పక్కింటి అబ్బాయి ముందుకెళ్లిపోతాడేమోనన్నదే మీ అసలు టెన్షన్ అండి. మీవాడు సరైన చోటే మొదలుపెట్టాడు, ముందు ధైర్యంగా ఉండండి.

ఎకో 1970ల తొలినాళ్ల యూనిక్స్ నుంచీ ఉన్న కమాండ్. ఇచ్చిన మాటల్ని తెర మీద చూపిస్తుంది, అంతే. కానీ దాంతో ఆడుకుంటూనే షెల్, అంటే మనం కొట్టిన కమాండ్లను అర్థం చేసుకుని నడిపించే ప్రోగ్రామ్, పనితీరు తెలుస్తుంది. డాలర్ గుర్తు పెట్టి 'హోమ్' అని డబుల్ కోట్స్‌లో రాస్తే అతని ఫోల్డర్ దారి వస్తుంది, సింగిల్ కోట్స్‌లో రాస్తే రాసింది రాసినట్టే వస్తుంది. ఎకో తర్వాత > పెట్టి ఫైల్ పేరు ఇస్తే అందులో పాతదంతా పోతుంది, >> పెడితే కొత్తది చివర చేరుతుంది. ఈ తేడా తెలియనివాడు కంపెనీ సర్వర్‌లో ముఖ్యమైన ఫైల్‌ను ఒక్క గుర్తుతో ఖాళీ చేసేయగలడు. 'ఎకో $?' అని కొడితే అంతకుముందు కమాండ్ ఏమైందో తెలుస్తుంది. సున్నా వస్తే సక్సెస్. డెవాప్స్‌లో, అంటే సాఫ్ట్‌వేర్‌ను సర్వర్లలో పెట్టి నడిపే పనిలో, ఆటోమేషన్ ఆగాలో సాగాలో చాలావరకు ఈ అంకెను బట్టే ఉంటుంది.

మూడు నెలల్లో ఏఐ ఇంజనీర్‌ని చేస్తామనే ప్రకటనల మీద నాకు నమ్మకం లేదు. రెడీమేడ్ కోడ్ రన్ చేయడం నేర్పి సర్టిఫికెట్ ఇస్తారు. ప్రోగ్రామ్ సర్వర్ మీద ఆగిపోతే ఏం జరిగిందో నమోదయ్యే లాగ్ ఫైల్ ఎక్కడుందో తెలియక పిల్లలు ఇంటర్వ్యూలో నీళ్లు నములుతారు. ఏఐ అయినా చివరికి నడిచేది ఎక్కువగా మీవాడు వాడుతున్న ఈ లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ మీదే. ప్రపంచంలో అత్యంత వేగవంతమైన సూపర్ కంప్యూటర్ల టాప్ 500 జాబితాలో 2017 నవంబర్ నుంచి ఉన్నవన్నీ లినక్స్ మీద నడిచేవే. డెవాప్స్ కోర్సుల్లోనూ చాలాచోట్ల డాకర్, కుబర్నెటీస్ లాంటి టూల్స్ పేర్లు రెజ్యూమెలో పెట్టించడంతోనే సరిపెడతారు.

కాస్త గట్టిగానే అంటున్నాను, ఏమనుకోకండి. పిల్లాడు సెలవుల్లో ఎవరూ చెప్పకుండా నేర్చుకుంటుంటే పక్కన కూర్చుని 'ఇదేంటి నాన్నా' అని ఒక్కసారైనా అడిగారా? పక్కింటివాళ్లతో పోల్చి ఆ ఇష్టాన్ని చంపేస్తే ఏ కోర్సూ దాన్ని తిరిగి తేలేదు.

ఇప్పుడు ఎక్కడా ఫీజు కట్టకండి. ఎకో ఒక్కో షెల్‌లో ఒక్కోలా ప్రవర్తిస్తుంది కాబట్టి అదే పని చేసే ప్రింట్ఎఫ్ అనే కమాండ్ కూడా నేర్చుకోమనండి. తర్వాత తన ఫైళ్లు బ్యాకప్ తీసే చిన్న స్క్రిప్ట్ రాయమనండి. మూడో సంవత్సరంలో ఆర్‌హెచ్‌సీఎస్‌ఏ (రెడ్ హ్యాట్ కంపెనీ ఇచ్చే లినక్స్ సర్టిఫికెట్ పరీక్ష) రాయొచ్చు. ఆ పరీక్షలో బిట్లు ఉండవు, సిస్టమ్ మీద పని చేసి చూపించాలి. అప్పటికీ ఏఐ మీదే మనసుంటే పైథాన్, లీనియర్ ఆల్జీబ్రా, ప్రాబబిలిటీ కాలేజీలోనే శ్రద్ధగా చదవమనండి.