స్వర్ణముఖిలో గాలం వేసే ముందు

చిరంజీవి అబ్బోడికి,

గాలం పట్టుకుని స్వర్ణముఖికి పోతానన్నావంట, మీ అమ్మ ఫోన్‌లో ఒకటే టెన్షన్. పో, నేనేమీ వద్దనను. కానీ కొన్ని సంగతులు తెలుసుకుని పో.

మన ఏరు ఏడాదిలో ఎక్కువ రోజులు ఇసకే. అక్టోబర్ నుంచి డిసెంబర్ దాకా ఈశాన్య వానలు బాగా కురిస్తేనే పారుతుంది. అట్లని వాన వెలిసిన మర్నాడే పోవద్దు. బురదనీళ్లలో పరిగెకు, అదే ఆ చిన్న చేపకు, ఎర కనబడదు, వాసన పట్టి వచ్చేది మీసాల చేప జెల్ల ఒక్కటే. నీళ్లు తేరుకోనీ. 2021 నవంబర్‌లో ఈ ఏరు ఎట్లా పొంగిందో గుర్తుంది కదా, మన ఏట్లో కలిసే కల్యాణి నది మీది డ్యాం గేట్లు ఎత్తినారంటే ఆ పూట ఇల్లు కదలొద్దు.

ఇంకోటి, ఇసక తోడిన గుంతలు. పైకి నీళ్లు సమంగానే కనిపిస్తాయి, ఒక్క అడుగు పక్కకు వేస్తే ఆళ్లోతు. గట్టు మీద నుంచే వెయ్. చేప పోతే పోనీ, కొక్కెం తగులుకుంటే దారం తెంపేయ్, దిగొద్దు.

షాపువాడు పెద్ద కొక్కెం అంటగడతాడు. పరిగె నోరెంత, అదెంత! 16వ నంబరు గానీ 18వ నంబరు గానీ ఇమ్మను. ఈ లెక్కలో నంబరు పెరిగేకొద్దీ కొక్కెం చిన్నదవుతుంది. దారం సన్నటిది. నీళ్ల మీద తేలే బెండుకు రాలిన నెమలీక కాడ చాలు, దాని కొన మాత్రమే నీళ్ల పైకి కనబడేట్టు సీసం తగిలించు. గోధుమపిండిలో చెనక్కాయల చెక్క పొడి కలిపి గట్టిగా పిసికి, మిరియం గింజంత ఉండ పెట్టు. ఎర్రలైతే, అదే వానపాములైతే, తుంచి పెట్టు.

పారే నీళ్ల నడుమ వేస్తే లాభం లేదు. రాయి వెనకో, రెల్లు పక్కనో నీళ్లు నిదానించే చోటు చూసుకుని నాలుగు మెతుకులు చల్లు. నీ నీడ నీళ్ల మీద పడకూడదు. బెండు టుక్కుటుక్కుమంటే తొందరపడొద్దు, పరిగె ముందు పొడిచి చూస్తుంది. బెండు పక్కకు నడిచినప్పుడో మునిగినప్పుడో మణికట్టుతో చిన్నగా ఎత్తు. మీ నాయన మాదిరి భుజం దాకా గుంజితే మూతి చిరిగి చేప పోతుంది, గాలం పోయి వెనక కానుగ చెట్టెక్కుతుంది.

జెల్ల పడితే ఉత్త చేత్తో పట్టుకోవద్దు. వీపు మీద ఒక ముల్లు, రెక్కల దగ్గర రెండు. గుడ్డ వేసి పట్టుకో. గుచ్చుకుంటే చెయ్యి ఓర్చుకునేంత వేడినీళ్లలో పెట్టు, సలుపు తగ్గుతుంది. వాపు దిగకుంటే ఆస్పత్రికి పో.

ఊరి మురుగు కలిసే చోట పట్టింది ఇంటికి తేవద్దు. చెరువు జోలికి పోవాలంటే ముందు అడుగు, చాలా చెరువుల్లో చేపల హక్కు గుత్తకిచ్చి ఉంటారు.

పులుసుకు సరిపడా పడితే లేచిరా. పరిగెలను బూడిద వేసి బండ మీద రుద్దితే పొలుసు పోతుంది, పొట్ట మాత్రం నొక్కి తీసెయ్యాలి, లేకుంటే చేదు. వెదురు గెడ కొనొద్దు, మా అటక మీద ఉంది, శనివారం వచ్చి తీసుకుపో.

నీ పెద్దనాయన