జెర్క్ చేస్తే నడుము లాగుతోంది... బరువులెత్తడం మానేయాలా?

ప్రశ్న: నాకు 19 ఏళ్లు. మాది గాజువాక. కాలేజీ వాలీబాల్ టీమ్‌లో ఆడతాను. ఇంకాస్త ఎత్తుకు ఎగిరి స్మాష్ కొట్టాలని మూడు నెలల క్రితం జిమ్‌లో స్నాచ్ (బరువుల బార్‌ను నేల నుంచి ఒకే ఊపులో తలపైకి ఎత్తడం), క్లీన్ అండ్ జెర్క్ (ముందు భుజాల మీదికి, అక్కణ్నుంచి తలపైకి ఎత్తడం) మొదలుపెట్టాను. వీడియోలు చూసే నేర్చుకున్నాను. 50 కిలోల దాకా ఎత్తుతున్నాను. మూడు వారాలుగా నడుము కింది భాగంలో ఎడమవైపు నొప్పి. వెనక్కి వంగితే ఎక్కువవుతోంది. మణికట్లు కూడా నొప్పిగా ఉంటున్నాయి. ‘ఈ బరువులతో ఎదుగుదల ఆగిపోతుంది, నడుం పోతుంది’ అని నాన్న కోప్పడుతున్నారు. మానేయమంటారా?

జవాబు: పూర్తిగా మానేయనక్కర్లేదు. కానీ నడుము సంగతి తేలేదాకా బరువులు, స్మాష్‌లు, జంప్ సర్వీసులు అన్నీ ఆపండి.

మీ ఉత్తరంలో నన్ను ఆపిన మాట ‘వెనక్కి వంగితే ఎక్కువవుతోంది’ అన్నది. కండరం పట్టేసిన నొప్పి చాలావరకు వారం పది రోజుల్లో తగ్గుముఖం పడుతుంది. మీ వయసు ఆటగాళ్లలో మూడు వారాలైనా తగ్గకుండా, ఒక పక్కనే ఉండి, వెనక్కి వంగితే పెరిగే నొప్పి అయితే వెన్నుపూస వెనక భాగంలోని సన్నని ఎముక మీద ఒత్తిడి పడి చిన్న పగులు వచ్చిందేమో చూడాలి. స్మాష్ కొట్టేటప్పుడు నడుము విల్లులా వెనక్కి వంగుతుంది. జెర్క్‌లో బార్‌ను తలపైకి నెట్టేటప్పుడు భుజాలు బిగుసుకుపోయి చేతులు నిటారుగా లేవకపోతే, ఆ లోటునూ నడుమే వంగి పూడుస్తుంది. పొద్దున కోర్టులో, సాయంత్రం జిమ్‌లో దెబ్బ పడేది ఒకే చోట.

స్పోర్ట్స్ మెడిసిన్ లేదా ఎముకల డాక్టర్‌కు చూపించుకోండి. మొదట్లో ఎక్స్‌రేలో ఈ పగులు కనిపించకపోవచ్చు, ఎంఆర్ఐ అవసరం పడొచ్చు. తొందరగా పట్టుకుంటే కొన్ని నెలల విశ్రాంతి, ఫిజియోథెరపీతో చాలామంది మళ్లీ ఆటలోకి వస్తారు. నొప్పి మాత్ర వేసుకుని ప్రాక్టీసుకు వెళ్లడం మాత్రం వద్దు, దయచేసి. కాలు తిమ్మిరెక్కినా, పట్టు తప్పినా, మూత్రం మీద అదుపు పోయినా అపాయింట్‌మెంట్ కోసం చూడకుండా వెంటనే ఆస్పత్రికి వెళ్లాలి.

మణికట్టు నొప్పికి కారణం సులువైనదే కావచ్చు. క్లీన్‌లో బార్ బరువు భుజాల మీద ఆనాలి, చేతుల్లో కాదు. మోచేతులు ముందుకు ఎత్తి, వేళ్లు వదులుగా బార్ కింద ఉంచితే చాలు. మీరు బహుశా పిడికిలి బిగించి పట్టుకుంటున్నారు.

ఇక అసలు విషయం. ఈ లిఫ్టులు ఎగరడానికి ఎందుకు పనికొస్తాయి? మీరు ఎగిరేటప్పుడు పాదం నేలను నెట్టే సమయం సెకనులో మూడో వంతు అటూ ఇటూ. అంత తక్కువ వ్యవధిలో ఎంత బలం తీయగలరన్నదే పవర్. బార్‌ను నేల నుంచి తొడల దాకా ఎత్తి నిలబడే డెడ్‌లిఫ్ట్‌ను నెమ్మదిగా లాగినా పూర్తవుతుంది. స్నాచ్ అలా కుదరదు, బార్ వేగంగా లేవకపోతే దాని కిందికి దూరే అవకాశమే ఉండదు. చీలమండ, మోకాలు, తుంటి మూడూ ఒకేసారి చాచుకునే ఆ క్షణం మీ జంప్‌లో జరిగేదే. అందుకే బార్ వేగం తగ్గి, నడుముతో ఈడ్చాల్సి వచ్చిందంటే, 50 కిలోలు కాదు, 30 కిలోలైనా మీకు అది ఎక్కువ బరువే.

డాక్టర్ సరేనన్నాక మళ్లీ మొదటి నుంచి నేర్చుకోండి. ముందు ప్లాస్టిక్ పైపుతో, తర్వాత ఖాళీ బార్‌తో. మగవాళ్ల బార్ ఒక్కటే 20 కిలోలు, అది చిన్న బరువేం కాదు. నా అభిప్రాయంలో వాలీబాల్ ఆటగాడికి పూర్తి స్నాచ్, జెర్క్ అక్కర్లేదు. బార్‌ను మోకాళ్ల పైనుంచి లాగి భుజాల మీద అందుకునే హ్యాంగ్ పవర్ క్లీన్ చాలు, తలపైకి ఎత్తే పని తప్పుతుంది. వారానికి రెండు రోజులు, సెట్‌కు రెండు మూడు సార్లు, మధ్యలో రెండు మూడు నిమిషాల విశ్రాంతి. ఒళ్లు అలిసేదాకా ఇరవై సార్లు లాగితే పవర్ పెరగదు, భంగిమ చెడుతుంది. మెత్తటి రన్నింగ్ షూ వద్దు. మన విశాఖ ఉక్కపోతలో అరచేతులు తడిసి బార్ జారుతుంది, చేతులకు చాక్ పౌడర్ రాసుకోండి. బార్ వదిలేయాల్సి వస్తే వదిలేయగలిగేలా రబ్బరు ప్లేట్లు, చెక్క ప్లాట్‌ఫామ్ ఉన్నచోటే చేయాలి. టైల్స్ నేల, ఇనుప ప్లేట్లున్న జిమ్‌లో భయంతో బార్‌ను పట్టుకునే ఉండి దెబ్బలు తగిలించుకున్నవాళ్లను చూశాను.

నాన్నగారి భయం గురించి. సరైన పర్యవేక్షణలో బరువులెత్తితే పిల్లల ఎత్తు ఆగిపోతుందనడానికి ఆధారం లేదు. 19 ఏళ్లకు మీ ఎదుగుదల చాలావరకు అయిపోయింది కూడా. దగ్గర్లోని శ్రీకాకుళం జిల్లా నుంచి వెళ్లిన కరణం మల్లీశ్వరి 2000 సిడ్నీ ఒలింపిక్స్‌లో 69 కిలోల విభాగంలో మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చారు. విజయనగరం దగ్గర కొండవెలగాడలో ఎంతోమంది పిల్లలు ఈ ఆట నేర్చుకుంటూ పెరిగారు. వాళ్ల వెనక కోచ్ ఉన్నాడు, మీ వెనక ఫోన్ ఉంది. ఆ మేరకు నాన్నగారి మాట నిజమే. డాక్టర్ దగ్గరికి ఆయన్నూ తీసుకెళ్లండి, తర్వాత కోచ్‌ను వెతకడానికీ ఆయన సాయం అడగండి.