లూసిఫర్ ఇంట్లో వేరు కుంపటి

ప్రశ్న: మాస్టారూ, భీమిలి దగ్గర లాగిన ప్లవకాల (నీటిలో తేలాడే చిన్న జీవుల) వలలో గాజుపుల్లల్లాంటి బుల్లి రొయ్యలు పడ్డాయి. పాత పుస్తకం చూసి రికార్డులో ‘లూసిఫర్ హన్సెని’ అని రాస్తే, మా మేడమ్ లూసిఫర్ కొట్టేసి ‘బెల్జెబబ్’ అని దిద్దారు. ఏది కరెక్టు? దేన్ని చూసి గుర్తుపట్టాలి?
— ఎమ్మెస్సీ విద్యార్థిని, విశాఖపట్నం

జవాబు: మీ మేడమ్ దిద్దిందే రైటమ్మా. ఇది మనం వంకాయలో వేసుకునే రొయ్యపొట్టుకు దగ్గరి చుట్టం. పొడవు ఇంచుమించు సెంటీమీటరు. బీకరులో ముందు కళ్లే కనిపిస్తాయి, ఒళ్లు తర్వాత దొరుకుతుంది. మెడ సాగదీసినట్టుంటుంది, మొప్పలుండవు, ఐదు జతల నడక కాళ్లలో చివరి రెండు జతలూ ఉండవు. ఇవి కుటుంబమంతటికీ ఉన్న పోలికలే.

1829లో థాంప్సన్ పెట్టిన లూసిఫర్ ప్రజాతిలో (జీనస్‌లో) ఏడు జాతులు ఒకే కప్పు కింద ఉండేవి. కంటికాడ పొడుగ్గా సాగి, కన్ను తలకు దూరంగా ఉన్నవి రెండు. కాడ పొట్టిగా ఉన్నవి ఐదు. ఈ తేడా పాతవాళ్లకీ తెలుసు. 2016లో వెరెష్చాకా, ఒలెసెన్, లునినా అన్ని జాతుల అవయవాలనూ వరసపెట్టి పోల్చి, పొట్టి కాడల ఐదింటిచేతా వేరు కుంపటి పెట్టించారు. మీ హన్సెని ఆ ఐదింట్లోదే. దానికి బెల్జెబబ్ అని పేరు. ఒక దెయ్యం పోయి ఇంకో దెయ్యం వచ్చింది, వాళ్లకీ సరదాలుంటాయి మరి!

కంటికాడ ప్రజాతి వరకే పనికొస్తుంది. అది హన్సెనియేనా అని తేలాలంటే మగదాన్ని పట్టాలి. మొదటి జత ఈత కాళ్లకుండే పెటాస్మా (మగదాని సంభోగ అవయవం), ఆరో ఉదర ఖండం అడుగున పొడుచుకొచ్చిన రెండు కొమ్ములు, వీటి ఆకారం చూడు. గ్లిజరిన్ చుక్కలో పక్కకు పడుకోబెట్టు. కవర్‌స్లిప్ గట్టిగా నొక్కావో, పెటాస్మా చితికిపోతుంది. నీ వయసులో నేనొక సాయంత్రమంతా పెటాస్మా కోసం వెతికి, మూడో జత కాళ్లకు అంటుకున్న గుడ్లు చూశాక నాలుక్కరుచుకున్నాను. అది ఆడది!

రికార్డులో ‘బెల్జెబబ్ హన్సెని (నొబిలి, 1905)’ అని రాయి. బ్రాకెట్లు మరిచిపోకు. నొబిలి పేరు పెట్టిననాడు అది లూసిఫర్, ప్రజాతి మారింది కాబట్టే ఆయన బ్రాకెట్లోకి వెళ్లాడు. వైవాలో ఎక్స్‌టర్నల్ అడిగేది అదే.