మూత తియ్యకు అమ్మడూ

అమ్మడూ,

నీ మెసేజ్ రెండుసార్లు చదివాను. గుడ్లు పొదిగే మెషీన్‌లో 12 కోడిగుడ్లు పెడితే రెండే పిల్లలు లేచాయని, మిగతావి 23వ రోజున పగలగొట్టి చూస్తే ఏడింటిలో నూగుతో సహా పూర్తిగా తయారైన పిల్లలు చచ్చి ఉన్నాయని రాశావు. ఏడుపొచ్చిందన్నావు, రాకుండా ఎలా ఉంటుంది, నేనూ ఆ బాధ పడినదాన్నే. కానీ గుడ్లది తప్పు కాదు. పుంజు కలవని గుడ్డయితే ఎన్నాళ్లు వేడి పెట్టినా లోపల సొన సొనలాగే ఉంటుంది, మొదటి వారంలో వేడి తేడా చేస్తే చిన్న రక్తపు వలయం దగ్గరే ఆగిపోతుంది. 18 రోజులు చక్కగా పెరిగి చివర్లో పోయాయంటే మాత్రం ముందు చూడాల్సింది తేమ. పైగా "గంటకోసారి మూత తీసి చూశాను పెద్దమ్మా" అని నువ్వే రాశావు. దెబ్బ తగిలింది అక్కడే.

18వ రోజు తర్వాత ఆ చివరి మూడు రోజుల్లో గుడ్డు లోపల ఏం జరుగుతుందో తెలిస్తే నీ చెయ్యి మూత మీదికి వెళ్లదు. గుడ్డు లావు వైపు చిన్న గాలి గది ఉంటుంది కదా, 19, 20 రోజుల్లో పిల్ల ముందు లోపలి పొరను పొడిచి ఆ గదిలోకి ముక్కు పెట్టి, మొదటిసారి ఊపిరి తీస్తుంది. మూత వేసి ఉన్నా సన్నగా కీచుమనడం అప్పుడే వినిపిస్తుంది. ఆ తర్వాత ముక్కు కొన మీదుండే తెల్లటి బొడిపెతో పెంకును లోపల్నుంచి కొట్టి నక్షత్రంలా ఒక పగులు వేస్తుంది. వేసి ఆగిపోతుంది! 12 గంటలు, ఒక్కోసారి 24 గంటలు కూడా. మనకేమో పిల్ల ఇరుక్కుపోయిందనిపించి టెన్షన్ మొదలవుతుంది. నిజానికి ఆ సమయంలోనే పొరలోని నరాల్లో ఉన్న రక్తం వెనక్కి ఒంట్లోకి వెళుతుంది, మిగిలిన పచ్చసొన బొడ్డులోంచి కడుపులోకి చేరుతుంది. అవన్నీ అయ్యాకే అది గుండ్రంగా తిరుగుతూ టోపీ కోసినట్టు పెంకు కోసుకుని బయటికి వస్తుంది. మధ్యలో నువ్వు మూత తీస్తే తేమంతా ఒక్కసారిగా పోయి, ఆ పొర ఎండి కాగితంలా పిల్లకు అతుక్కుంటుంది, ఇక తిరగలేదు.

నేను కొత్తలో ఒకసారి, పగులు పడి 8 గంటలైనా రావట్లేదని, సాయం చేస్తున్నాననుకుని గోటితో పెంకు వలిచాను. పొర మీద ఎర్రటి నరాలు కనిపించాయి, ఒకటి తెగి చుక్క చుక్కగా రక్తం కారింది, బొడ్డు దగ్గర సొన ఇంకా బయటే ఉంది. సాయంత్రానికి ఆ పిల్ల పోయింది. ఇన్నేళ్లయినా నాకు ఆ గుడ్డు గుర్తే.

సరే, ఈసారి మొదట్నుంచీ చూద్దాం. కోడి పెట్టి వారం దాటని గుడ్లు తీసుకో, సన్న వైపు కిందికి పెట్టి చల్లటి గదిలో ఉంచు, 13 నుంచి 18 డిగ్రీలుంటే బాగుంటుంది. కడగకు. పెంకు మీద కంటికి కనిపించని పూత ఉంటుంది, అది పోతే క్రిములు లోపలికి దూరతాయి. మురికి మరీ ఎక్కువుంటే ఆ గుడ్డును పక్కన పెట్టెయ్.

మెషీన్‌ను ఒక రోజు ముందే ఖాళీగా ఆన్ చేసి వేడి నిలకడగా ఉందో లేదో చూడు. ఫ్యాన్ ఉన్నదైతే 37.5 డిగ్రీలు, ఫ్యాన్ లేనిదైతే గుడ్ల పైభాగం ఎత్తులో 38.3 నుంచి 38.9 దాకా ఉండాలి. మెషీన్ మీద కనిపించే అంకెను గుడ్డిగా నమ్మకు, చిన్నవాటిలో ఒక డిగ్రీ తేడా రావడం మామూలే. ఇంట్లో జ్వరం చూసే డిజిటల్ థర్మామీటర్‌తో పాటు మరో థర్మామీటర్‌ను గోరువెచ్చని నీళ్లలో కలిపి పెట్టి రెండూ ఒకటే చూపిస్తున్నాయో లేదో చూసుకుని, ఆ రెండోదాన్ని గుడ్ల పక్కన ఉంచు. వేడి కాస్త తగ్గితే పిల్లలు ఆలస్యంగా వస్తాయంతే, 40 దాటి నిలిచిపోతే మాత్రం చచ్చిపోతాయి. కరెంటు గంటసేపు పోతే కంగారు పడకు, మూత తియ్యకుండా గాలి రంధ్రాలు వదిలి పైన దుప్పటి కప్పు, చాలు.

తేమ 18వ రోజు దాకా 45 నుంచి 55 శాతం, ఆ తర్వాత 65 నుంచి 70. తేమ పెరగాలంటే నీళ్లు లోతుగా పోస్తే లాభం లేదు, గిన్నె వెడల్పుగా ఉండాలి, లేదా తడి స్పాంజి పెట్టు. నీ దగ్గర గ్రాముల్లో తూచే త్రాసుంటే ఇంకా మంచిది: పెట్టేటప్పుడు 60 గ్రాములున్న గుడ్డు 18వ రోజుకు 53 దగ్గరికి రావాలి. అంతకన్నా బరువుంటే తేమ ఎక్కువైనట్టు, తేలికైతే తక్కువైనట్టు. నేనయితే మీటరు కంటే త్రాసునే నమ్ముతాను.

పెన్సిల్‌తో ఒకవైపు గీత, రెండోవైపు సున్నా గీసి, రోజుకు మూడుసార్లో ఐదుసార్లో తిప్పు. బేసి సంఖ్య ఎందుకంటే, రాత్రంతా ఒకే వైపు ఉంటుంది కాబట్టి మర్నాడు రాత్రి రెండో వైపు రావాలి. తిప్పకపోతే పిండం పొరకు అతుక్కుంటుంది. 7వ రోజు రాత్రి లైట్లన్నీ ఆర్పి, ఫోన్ టార్చ్ మీద గుడ్డు లావు వైపు ఆనించి చూడు: సాలీడు కాళ్లలా ఎర్రటి నరాలు, మధ్యలో నల్లటి చుక్క, అది కదులుతుంటుంది. అది చూశాక నీకు వేరే మాట తోచదు. ఏమీ లేకుండా తేటగా ఉన్నవి, ఎర్రటి ఉంగరంలా ఆగిపోయినవి తీసెయ్. అవి మురిగి లోపల పగిలితే మిగతావాటికి ప్రమాదం.

18వ రోజున తిప్పడం ఆపి, గుడ్లు అడ్డంగా పడుకోబెట్టి, కింద జారని బట్టో మెష్షో పరిచి, నీళ్లు నింపి, గాలి రంధ్రాలు తెరిచి మూత వెయ్యి. ఇక అంతే. ముందు పుట్టిన పిల్ల ఆకలితో ఉంటుందని బయటికి తియ్యకు, కడుపులో ఉన్న సొనతో రెండు రోజులు హాయిగా గడిపేస్తుంది. దాని కీచుకీచులు విని మిగతావి కూడా కదులుతాయి. 

అన్నీ పుట్టి ఆరాక తియ్యి. బ్రూడర్‌లో, అంటే పిల్లల్ని బల్బు వేడితో పెంచే పెట్టెలో, మొదటి వారం 35 డిగ్రీలు, తర్వాత వారానికి మూడు చొప్పున తగ్గించు. పిల్లలు బల్బు కింద గుంపుగా ఒకదాని మీద ఒకటి ఎక్కుతుంటే చలి, దూరంగా పోయి నోరు తెరిచి ఉంటే వేడి. నున్నటి పేపర్ పరవకు, కాళ్లు విచ్చుకుపోతాయి. నీళ్ల మూతలో గులకరాళ్లు వెయ్యి, లేకపోతే మునిగిపోతాయి. పిల్లల్ని పట్టుకున్న ప్రతిసారీ సబ్బుతో చేతులు కడుక్కో.

18వ రోజు రాత్రి మూత వేశాక నాకు ఫోన్ చెయ్యి. పగులు పడ్డాక చెయ్యి పెట్టాలనిపిస్తే అప్పుడూ చెయ్యి, ఎంత రాత్రయినా ఎత్తుతాను.

మీ పెద్దమ్మ